బొరుగుల చెంచమ్మ వంకర బండి

మీ ముత్తాతకి పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లో వాళ్ళ ముత్తాత అరుగు మీద కూర్చుని చెప్పిన కథ ఇది. అప్పటికే ఇది పాత కథ. కాబట్టి ఎప్పుడు జరిగిందని నన్ను అడక్కండి. ఊఁ కొడుతూ వినండి చాలు. మీరు ఊఁ కొట్టడం ఆపితే కథ నడిబాటలో కూలబడుతుంది. దాన్ని మళ్ళీ లేపి నడిపించే ఓపిక నాకు లేదు.

ఒంటిగుట్ట అని ఒక కొండ. ఆ కొండ కింద ఒక పల్లె. ఆ పల్లెలో చెంచమ్మ అని ఒక ఆడమనిషి ఉండేది. బొరుగులు వేయించి అమ్ముకుని బతికేది. మనిషి రోకలంత ఉండేది, నవ్వు మాత్రం ఊరంత ఉండేది. ఆమె నవ్విందంటే వీధి చివర పడుకున్న కుక్క కూడా లేచి కూర్చునేది.

ఆమె మొగుడు పేరయ్య తాటిచెట్టంత మనిషి. ఆ తాటిచెట్టు మీద నుంచే ఒకసారి జారిపడ్డాడు. కాలు విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచి కర్ర లేకుండా గడప దాటలేడు. చేతులకి మాత్రం మంచి పనితనం ఉంది. ఇంటి ముందు కూర్చుని బుట్టలు అల్లేవాడు, చేటలు అల్లేవాడు, పెళ్ళాం నవ్వితే తనూ నవ్వేవాడు.

బొరుగుల పొయ్యి అంటే అన్నం వండే పొయ్యిలాంటిది కాదు. మూకుట్లో ఇసుక ఎర్రగా కాగాలి. అప్పుడు బియ్యం పోస్తే చిటపటమని పొంగుతాయి. చితుకులకీ చెత్తకీ ఆ ఇసుక కాగదు. తుమ్మకట్టె మండాలి. వానాకాలం నాలుగు నెలలూ ఊళ్ళో అందరూ వేడి బొరుగులు అడిగేవాళ్ళే. ఆ నాలుగు నెలలే చెంచమ్మకి తిండి. అందుకని ఎండుకట్టె పన్నెండు మోపులు ఇంట్లో ఉండాలి. పన్నెండుంటే బతుకు, లేకపోతే పస్తు.

ఆ ఊరికి కట్టె ఎక్కడిదంటారా? కొండ వెనకాల ఊరుమ్మడి తుమ్మతోపు ఒకటి ఉంది. అందరిదీ అన్నమాట. అందరిదీ కాబట్టి దానికి ఒక కట్టుబాటు ఉంది. ఏడాదికి మూడే మూడు రోజులు, రోహిణి కార్తె ఆఖరి మూడు రోజులు, తోపు తెరుస్తారు. ఎండిన కట్టె ఎవరికి చేతనైనంత వాళ్ళు కొట్టుకోవచ్చు. మూడో రోజు సాయంత్రం డప్పు మూడుసార్లు మోగుతుంది. మొదటి డప్పుకి గొడ్డలి ఆపాలి. రెండో డప్పుకి బాట పట్టాలి. మూడో డప్పుకి పెద్దకాపు కొండ అడుగున, బాటకి అడ్డంగా వేపమండల తాడు కడతాడు. ఇక తాడు అవతల ఉన్న పుల్ల ఇవతలికి రాదు. మళ్ళీ ఏడాది దాకా తోపు ముఖం ఎవరూ చూడరు.

తోపు నుంచి ఊరికి ఒకటే బాట. అది కొండ నడుముకి చుట్టిన మొలతాడులా ఉంటుంది. కొండవైపు ఎత్తు, లోయవైపు పల్లం. ఆ వాలు మీద మనిషి నడవగలడు, మేక నడవగలదు, బండి మాత్రం నడవలేదు. పూర్వం పెద్దకాపు బండి వెళ్ళింది, పల్టీ కొట్టింది. కరణంగారి బండి వెళ్ళింది, పల్టీ కొట్టింది. ఎవరో పొరుగూరివాడు పందెం కాసి కొత్త బండి తోలుకొచ్చాడు, అదీ పల్టీ కొట్టింది. దాంతో ఊరు ఊరంతా తలమీద మోపులతోనే ఆ బాట నడిచేది.

మోయగలిగిన తలలు నాలుగున్న ఇంటికి ఇబ్బంది లేదు. చెంచమ్మ ఇంట్లో మోసే తల ఒక్కటే. రోజుకి రెండు మోపుల చొప్పున మూడు రోజులకి ఆరు. కిందటేడు ఆ ఆరు మోపులూ శ్రావణంలోనే అయిపోయాయి. అప్పుడు ఏం చేసిందో తెలుసా? ముందు మంచం కోళ్ళు పొయ్యిలో పెట్టింది. తర్వాత వీధి తలుపు పెట్టింది. ఆఖరికి పేరయ్య చేతికర్ర పెట్టింది. పేరయ్య ఆ నెలంతా గోడ పట్టుకుని నడిచాడు.

ఈ ఏడు రోహిణి కార్తె రాకముందే పేరయ్య పెళ్ళాన్ని పిలిచాడు.

"చెంచూ, ఈసారి తగలెయ్యడానికి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలా. పన్నెండు మోపులు రాకపోతే మీ అన్న ఊరికి పోదాం. ఆయన చావిట్లో ఓ మూల పడుంటాం."

చెంచమ్మ నవ్వలేదు. ఆ పొయ్యి ఆమె అత్తది. అత్త చనిపోతూ మూకుడు ఆమె చేతిలో పెట్టింది. వాన పడుతున్నప్పుడు ఊరి పిల్లలంతా ఆ పొయ్యి చుట్టూ చేరి ఒడి పట్టుకుని నిలబడతారు. చెంచమ్మకి పిల్లలు లేరు. ఆ నాలుగు నెలలూ మాత్రం ఇల్లంతా పిల్లలే. అన్న చావిట్లో ఆ సందడి ఎక్కడ దొరుకుతుంది?

"పోయేదేం లేదు. బండి చేద్దాం," అంది చెంచమ్మ.

"బండా! మనకి ఎద్దేది?"

"నేను లేనూ?"

ముందు వడ్రంగి వీరాచారి దగ్గరికి వెళ్ళింది. వీరాచారి చేతివాటం చుట్టుపక్కల పది ఊళ్ళకి తెలుసు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా వీరాచారికి తెలుసు.

"ఆచారన్నా, చిన్న బండి కావాలి. నేను లాక్కునేంతది. తోపు నుంచి కట్టె తెచ్చుకోవాలి."

"అమ్మా చెంచమ్మా, ఆ బాటకి బండి చెయ్యమని బ్రహ్మదేవుణ్ణి అడిగినా చెయ్యడు. మూడు బళ్ళు పల్టీ కొట్టినయ్యి, నాలుగోది నా చేత్తో చేసి నా పేరు చెడగొట్టుకోమంటావా?"

"అయితే మేమే చేసుకుంటాం. బాడిసె ఇయ్యి."

"మూల మొద్దుబాడిసె ఉంది, పట్టుకుపో. దానికి పదును లేదు. నీ పనికి పదునుతో పనీ లేదు," అని పకపక నవ్వాడు వీరాచారి. చెంచమ్మ కూడా పకపక నవ్వి బాడిసె తీసుకుని వచ్చేసింది.

ఇంటి వెనకాల గాలివానకి పడిపోయిన వేపమాను ఒకటి ఉంది. దాన్ని చీల్చి పలకలు తీశారు. ఇరుసుకి పాత రోకలి. పట్టుకుని లాగే కాళ్ళకి రెండు వెదురు బొంగులు. పైన పరుపుకి పేరయ్య అల్లిన తడిక. ఇక కావలసింది చక్రాలు. రోజులు చూస్తే ఏడే ఉన్నాయి. ఒకళ్ళే రెండు చక్రాలు చెక్కుతూ కూర్చుంటే తెమలదు. అందుకని సగం పలకలు ఇంటి ముందువైపు పేరయ్య దగ్గర పడేసి, సగం పలకలు పెట్టుకుని చెంచమ్మ వెనకవైపు కూర్చుంది. ఆయనకి బాడిసె, ఆమెకి గొడ్డలి.

వెనకవైపు నుంచి కేకేసింది.

"ఏమయ్యా! నడిమి మేకు నుంచి అంచు దాకా ఎంత పెడుతున్నావు?"

"ఒక మూర!"

"సరే, నేనూ మూరే పెడతా!"

మూరంటే మూరే కదా. మోచేతి దగ్గర నుంచి నడివేలి కొస దాకా. ఆ ఊళ్ళో పూలు కొనేటప్పుడు ప్రతి ఆడమనిషీ పూలమ్మితో తగువు పడేది, నీ చెయ్యి పొట్టి, నా చేత్తో కొలిచి ఇయ్యమని. చెంచమ్మ అయితే రోజూ పడేది. చక్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తగువు మొగుడికీ గుర్తు రాలేదు, పెళ్ళానికీ గుర్తు రాలేదు. ఆయన మోచేయి మేకుకి ఆనించి ఆయన చేత్తో కొలిచాడు. ఆమె మోచేయి మేకుకి ఆనించి ఆమె చేత్తో కొలిచింది. ఇద్దరూ ఒళ్ళు వంచి చెక్కారు.

చక్రాలు ఎక్కించారు. చిన్నది ఎడమవైపు, పెద్దది కుడివైపు. బండి ఒక పక్కకి ఒరిగి నిలబడింది.

"నేల ఎత్తుపల్లంగా ఉన్నట్టుందే," అన్నాడు పేరయ్య.

"అంతే అయ్యుంటుంది," అంది చెంచమ్మ.

బండిని వీధిలోకి తెచ్చింది. ఊరు చూడ్డానికి వచ్చింది. చెంచమ్మ రెండు బొంగుల మధ్య నిలబడి లాగింది. బండి నాలుగడుగులు తిన్నగా వెళ్ళింది, ఐదో అడుగుకి ఎడమకి తిరిగింది. ఇంకా తిరిగింది. గానుగెద్దులా గుండ్రంగా తిరిగి చెంచమ్మ గడప ముందే వచ్చి ఆగింది. మళ్ళీ లాగింది. మళ్ళీ గడప ముందే ఆగింది. మూడోసారీ అంతే.

వీరాచారి దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చూసి అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. నవ్వు ఆగితేగా!

"ఒక మూర ఆయనది, ఒక మూర ఆమెది! ఓరి నాయనో! బండిరా అయ్యా ఇది, ఒక మూర ఆయనది, ఒక మూర ఆమెది!"

ఆ మాట ఊరు పట్టుకుంది. పెద్దకాపు అన్నాడు, పక్కింటి రత్తమ్మ అంది, మూలనున్న ముసలమ్మ నుంచి ఉయ్యాల్లోని పసివాడి దాకా అందరూ అన్నారు. చెంచమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. పేరయ్య మాత్రం తల వంచుకుని లోపలికి పోయాడు.

"కొట్టి పొయ్యిలో పెట్టవే. దాని పాపాన అదే కాలుతుంది," అన్నాడు.

"కానీలే, చూద్దాం. తెల్లారితే తోపు తెరుస్తారు. ఇంకో చక్రం చెక్కేందుకు పొద్దేది?"

మొదటి రోజు. ఊరంతా బాట పట్టింది. చెంచమ్మ కూడా బండి లాక్కుంటూ బయల్దేరింది. బండిలో గొడ్డలి, మంచినీళ్ళ ముంత. ఎక్కేటప్పుడు కొండ కుడిచేతి వైపు ఉంటుంది. బాట మొదట్లోనే బండి లోయవైపు ఒరిగి పడింది. లేపింది. మళ్ళీ పడింది. లేపింది. మూడోసారి పడితే ముంతలో నీళ్ళన్నీ ఒలికిపోయాయి.

"వదినా, బండిని నువ్వు లాగుతున్నావా, బండి నిన్ను లాగుతోందా?" అని రత్తమ్మ వెనకనుంచి నవ్వింది.

"మేమిద్దరం ఒకళ్ళకొకళ్ళం తోడులేవే," అంది చెంచమ్మ. నవ్వింది గానీ మోచేతులు చీరుకుపోయాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తోపు చేరేసరికి సగం పొద్దు పోయింది.

పొద్దు వాలేవేళకి రెండు మోపులే కొట్టగలిగింది. వాటిని బండిలో వేసి, చెలమలో ముంత నింపుకుని, తడిక మీద పెట్టి, పడితే పడనీ అనుకుని దిగడం మొదలుపెట్టింది. దిగేటప్పుడు కొండ ఎడమచేతి వైపు ఉంటుంది. పదడుగులు వేసింది, పడలేదు. ఇంకో పదడుగులు, పడలేదు. వెనక్కి తిరిగి చూసింది. బండి పీటవేసుకుని కూర్చున్న పెద్దమనిషిలా సమంగా ఉంది. బాట కొండ చుట్టూ ఎడమకి వంగిన చోటల్లా బండి తనంతట తనే ఎడమకి తిరుగుతోంది. ఊరు చేరి చూస్తే ముంతలో నీళ్ళు ఒక్క చుక్క ఒలకలేదు.

చెంచమ్మ బండి పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. చిన్న చక్రం కొండవైపుంటే ఎత్తు, పెద్ద చక్రం లోయవైపుంటే పల్లం, రెండూ కలిసి సాపు. అంతే! ఒక్కసారిగా నవ్వింది. వీధి చివర కుక్క లేచి కూర్చుంది.

"ఏమయ్యా! బండి వంకర కాదయ్యా, బాట వంకర! ఆ బాటకి సరిగ్గా సరిపోయేట్టు చేశాం మనం!"

"చేశామా?" అన్నాడు పేరయ్య, నోరు తెరిచి.

"తెలియక చేశాంలే. చేశామా లేదా?"

రెండో రోజు. చెంచమ్మ బండిని వెనక్కి తిప్పింది. ఎక్కేటప్పుడు కూడా చిన్న చక్రం కొండవైపే ఉండాలి కదా. అందుకని బండి తోక ముందు, కాళ్ళు వెనక. బొంగులు పట్టుకుని వెనకనుంచి నెట్టుకుంటూ కొండెక్కింది. వెనక్కి నడిచే బండిని చూసి ఊరు నిన్నటికంటే ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు. పొద్దున మూడు మోపులు దించింది, సాయంత్రం మూడు మోపులు దించింది. నిన్నటి రెండుతో కలిపి ఎనిమిది. ఇంకా నాలుగు ఉంటే పన్నెండు.

పెద్దకాపు మీసం దువ్వుకుంటూ వీరాచారి వైపు చూశాడు.

"ఏమయ్యా ఆచారీ, పొట్టి బొరుగులమ్మ చేసిన పని నీ వల్ల కాలేదే?"

వీరాచారికి ఆ మాట గుచ్చుకుంది. ఇంట్లో చేసి పెట్టిన కొత్త చేతిబండి ఉంది. సమానమైన చక్రాలు, నున్నటి ఇరుసు, ముద్దొచ్చే బండి. "కుంటిబండి దిగిన బాటలో నా బండి దిగదా?" అన్నాడు.

చెంచమ్మ ఆ సంగతి విని పరుగెత్తుకుంటూ వెళ్ళింది.

"ఆచారన్నా, నా మాట విను. కొండవైపు చక్రం చిన్నదిగా ఉండాలి. సమంగా ఉంటే పడిపోద్ది."

"చక్రం గురించి నువ్వు చెప్తే నేను వినాలా? మా తాత రథాలకి చక్రాలు చేశాడమ్మా!"

"మీ తాత రథం తిన్నటి వీధిలో నడిచింది అన్నా."

"పోయి బొరుగులు వేయించుకో, పో."

మూడో రోజు. చెంచమ్మ పొద్దుటి నుంచీ గొడ్డలి దించలేదు. మిగిలిన నాలుగు మోపులూ ఒకేసారి దించాలని ఆమె లెక్క. మొదటి డప్పు మోగింది. గొడ్డలి ఆపింది. నాలుగు మోపులూ బండిలో ఎక్కించి తాడు బిగించింది. ఆమెకంటే ముందే వీరాచారి, పొద్దున ఖాళీగా ఎలాగో ఎక్కించిన తన బండి నిండా కట్టె వేసుకుని దిగిపోయాడు. తల మోపుల ఆడవాళ్ళు ఇంకా వెనక ఉన్నారు.

సగం బాట దిగిందో లేదో "అమ్మా" అని ఒక మూలుగు వినపడింది. చూస్తే బాట పక్కన పల్లంలో కొత్త బండి తలకిందులుగా పడి ఉంది. చక్రాలు ఆకాశం వైపు చూస్తున్నాయి. రేగుకంపలో వీరాచారి. కాలు మోకాలి కింద తిరిగిపోయింది.

సరిగ్గా అప్పుడే రెండో డప్పు మోగింది.

చెంచమ్మ బండి వైపు చూసింది. నాలుగు మోపులు. పన్నెండుకి సరిపోయే నాలుగు మోపులు. అత్త పొయ్యి, ఒడి పట్టుకున్న పిల్లలు, ఇవన్నీ ఆ బండిలోనే ఉన్నాయి. మనిషినీ కట్టెనీ కలిపి ఆ బండి మోయలేదు. కట్టె దించి మనిషిని చేర్చి మళ్ళీ వచ్చేలోపు తాడు కట్టేస్తారు. ఆ ఊళ్ళో కట్టిన తాడుని ఇంతవరకు ఎవరూ దాటలేదు.

వీరాచారి కంపలోంచే ఆమె ముఖం చూశాడు.

"పోమ్మా. నీ కట్టె దించుకో. నన్ను తర్వాత ఎవరో ఒకళ్ళు..." అన్నాడు.

"నోరు మూసుకో అన్నా," అంది చెంచమ్మ. ఏడుస్తూనే తాడు విప్పింది. ఏడుస్తూనే నాలుగు మోపులూ బాట పక్కకి దొర్లించింది. ఏడుస్తూనే వీరాచారిని కంపలోంచి లాగి, బండి మీదికి చేర్చి, కాలి కింద తన కొంగు మడిచి పెట్టింది. అంత బరువు మనిషిని అంత పొట్టి మనిషి ఎట్లా ఎత్తిందో ఆమెకే తెలియదు.

బండి కొండ చుట్టూ దిగింది. విరిగిన కాలికి ఒక్క కుదుపు తగల్లేదు. వీరాచారి తడిక మీద పడుకుని రెండు చక్రాల వంకా మార్చి మార్చి చూశాడు.

"ఒక మూర ఆయనది, ఒక మూర ఆమెది," అని గొణిగాడు. ఈసారి నవ్వులేదు ఆ మాటలో.

కొండ అడుగున తాడు పట్టుకుని పెద్దకాపు నిలబడి ఉన్నాడు. పక్కన పేరయ్య కర్ర మీద వాలి ఎదురుచూస్తున్నాడు. బండి మలుపు తిరిగింది. కట్టె లేదు. మనిషి ఉన్నాడు. పేరయ్యకి సంగతి అర్థమైంది. "ఏమే, తుమ్మకట్టెకి పోయి ఆచారిని పట్టుకొచ్చావా? ఈయన మండడే!" అన్నాడు.

చెంచమ్మ ఏడుపులోనే ఫక్కున నవ్వింది. నవ్వుతూ మొగుడి భుజం మీద తల పెట్టి మళ్ళీ ఏడ్చింది.

"మీ అన్నకి కబురు పెడదాంలే," అన్నాడు పేరయ్య మెల్లగా.

ఇంతలో రత్తమ్మ దిగింది, తలమీద మోపుతో. తాడు కట్టే చోటు దాటి మోపు దించింది. అందులోంచి ఒక కట్టె లాగి చెంచమ్మ బండి పక్కన పడేసింది.

"ఇది నాది కాదు వదినా. బాట పక్కన పడుంటే మోసుకొచ్చా."

ఆమె వెనక ఇంకొకావిడ. "ఇది నాది కాదు." ఆమె వెనక ఇంకొకావిడ. "ఇది నాది కాదు." తలమీద తన మోపు ఉండగానే ప్రతి ఆడమనిషీ బాట పక్కన ఉన్న చెంచమ్మ కట్టెల్లోంచి ఒకటి లాక్కుని మోపు మీద పెట్టుకుని దిగింది. ఓపిక ఉన్నవాళ్ళు రెండు పెట్టుకున్నారు. ముసలివాళ్ళు చంకలో పెట్టుకున్నారు. వరసగా వస్తున్నారు, వేస్తున్నారు, వస్తున్నారు, వేస్తున్నారు.

మూడో డప్పు మోగింది. వరస ఇంకా బాట మీదే ఉంది.

అందరూ పెద్దకాపు వైపు చూశారు. పెద్దకాపు తాడు చుట్టాడు, ముడి వేశాడు. ముడి జారిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారిపోయింది. మూడోసారీ జారిపోయింది. నలభై ఏళ్ళుగా ఎద్దులకి ముకుతాళ్ళు కట్టిన చెయ్యి అది!

"పాడు ముడి. ఇవాళ ఎంతకీ పడదేంది!" అని ఆకాశం వైపు చూస్తూ విసుక్కున్నాడు.

ఆఖరి ఆడమనిషి ఆఖరి కట్టె తాడు ఇవతల పడేసింది. అప్పుడు పడింది ముడి. గట్టిగానే పడింది.

కుప్ప కట్టి చూస్తే నాలుగు మోపులు కావు, ఐదు. ఆ పైమోపు ఎవరెవరి తలల మీద నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. ఆ వానాకాలం చెంచమ్మ పొయ్యి ఒక్కరోజు కూడా ఆరలేదు. మొదటి వాన రోజున ఊరి పిల్లలందరికీ ఒడి నిండా బొరుగులు పోసింది. తర్వాత మూకుడు దించి ఒక పెద్ద బుట్ట నిండా వీరాచారికి పంపింది, మంచంలో ఉన్నాడని.

వీరాచారికి కాలు నయమైంది. కొంచెం కుంటు మిగిలింది. ఆ ఏడంతా ఇంటికొక బండి చేశాడు. ఎవరొచ్చి అడిగినా తను కొలిచేవాడు కాదు. "మొగుడూ పెళ్ళాం కలిసి రండి," అనేవాడు. ఒక చక్రానికి ఆయన చెయ్యి పెట్టించేవాడు, ఒక చక్రానికి ఆమె చెయ్యి పెట్టించేవాడు. పెళ్ళాం చెయ్యి పొడుగైతే పెద్ద చక్రం ఆమెది. దాని మీద ఇళ్ళల్లో ఎన్ని వేళాకోళాలో! మరుసటేడు నుంచి రోహిణి కార్తె వస్తే ఆ కొండ మీదికి బళ్ళన్నీ వెనక్కి నడిచి ఎక్కేవి. పొరుగూరివాళ్ళు చూసి ఈ ఊరికి పిచ్చెక్కిందనుకునేవాళ్ళు.

ఊఁ కొడుతున్నారా? కథ ఇంకా ఉంది.

ఏళ్ళు గడిచాయి. పేరయ్య పోయాడు. చెంచమ్మ ముసలిదైంది. ఇంకా పొట్టిదైంది. నవ్వు మాత్రం అంతే ఉంది. ఒక శ్రావణమాసం, ఏడు రోజులుగా ముసురు పట్టి ఉంది. పిల్లలు బొరుగులకి వచ్చి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. చెంచమ్మ పొయ్యి పక్కనే పడుకుని, నిద్రపోయినట్టే వెళ్ళిపోయింది.

కొడుకా లేడు, కూతురా లేదు. ఎవరు సాగనంపాలి? ముసురులో చితికి ఎండుకట్టె ఎక్కడ దొరుకుతుంది? ఎవరింట్లో చూసినా తడవకుండా అటక మీద దాచుకున్న నాలుగు పుల్లలే. అవి ఇస్తే మర్నాడు పొయ్యి వెలగదు.

రత్తమ్మ వంగిపోయిన నడుముతో వానలో వచ్చింది. కొంగు కింద దాచి తెచ్చిన ఎండుకట్టె ఒకటి చూరు కింద పెట్టింది. ఆమె వెనక వీరాచారి కర్ర పొడుచుకుంటూ వచ్చి ఒకటి పెట్టాడు. ఆ వెనక పెద్దకాపు కొడుకు. ఆ వెనక ఊరు. ఇంటికొక కట్టె. వద్దన్నా ఆగలేదు. చూరు కింద కట్టె గుట్టగా లేచింది.

చితికట్టెని కాటికి చేర్చడానికి ఆమె బండినే తీశారు. కాటికి వెళ్ళేది తిన్నటి బాట. బండి నాలుగడుగులు వెళ్ళింది, ఎడమకి తిరిగింది, గుండ్రంగా వచ్చి చెంచమ్మ గడప ముందే ఆగింది. మళ్ళీ లాగారు. మళ్ళీ గడప ముందే ఆగింది. మూడోసారీ అంతే. ఏడుస్తున్న ఊరు ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. కడుపులు పట్టుకుని నవ్వింది. ముక్కులు చీదుకుంటూ నవ్వింది. ఆ ఊళ్ళో అంత నవ్వుతో కాటికి వెళ్ళిన మనిషి ఇంకొకరు లేరు. చివరికి చిన్న చక్రం వైపు వీరాచారి తన భుజం ఆనించి ఎత్తిపట్టి నడిచాడు. అప్పుడు కదిలింది బండి.

చెంచమ్మకి కావలసినంత కట్టె వెళ్ళిపోయాక చూస్తే చూరు కింద ఇంకా సగం గుట్ట మిగిలి ఉంది. ఎవరి కట్టె వాళ్ళు తీసుకుపొమ్మన్నారు. ఒక్కరూ ముట్టుకోలేదు. ఇది నాది కాదంటే నాది కాదన్నారు.

"సరే, ఇవాళ పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్ని?" అని అడిగాడు వీరాచారి.

మూడున్నాయి. ఒకటి బాలింత ఇల్లు. ఒకటి జ్వరంతో పడి ఉన్న ముసలాయన ఇల్లు. ఒకటి చూరు కారి కట్టెంతా తడిసిపోయిన ఇల్లు. మిగిలినదంతా మూడు వాటాలు చేసి ఆ మూడు గడపల ముందు వేసి వచ్చారు.

అప్పటి నుంచి ఇప్పటి దాకా అది ఆగలేదు. ఇప్పుడు ఆ ఊళ్ళో గ్యాసు పొయ్యిలు వచ్చాయి. కొండ బాటకి సిమెంటు కూడా పడింది. అయినా రోహిణి కార్తె ఆఖరి మూడు రోజులు తోపు తెరుస్తారు. వంటకి కట్టె అక్కర్లేనివాళ్ళు కూడా కొండెక్కుతారు. ప్రతి మనిషీ తన కట్టె మీద ఒక కట్టె ఎక్కువ పెట్టుకుని దిగుతాడు. తాడు దగ్గర దాన్ని పడేసి, "ఇది నాది కాదు," అంటాడు. ఆ కుప్పని ఆ ఏడు మోసుకోలేని వాళ్ళ గడపల ముందు, వాళ్ళు ఇంట్లో లేనప్పుడు చూసి వేస్తారు.

ఆ ఇంటివాళ్ళు వచ్చి కట్టె చూసి, ఎవరు వేశారని వీధిలో అడుగుతారు. ఏ ఇంట్లో అడిగినా, చిన్నపిల్లాణ్ణి అడిగినా ఒకటే జవాబు.

"చెంచమ్మ వేసిపోయింది."